ఖలీల్ బండికి కారు టైరు పాసైన వైనం

హలో... ఆ, హలో! వినపడుతోందా? సిగ్నల్ దొరికిన చోటే నిలబడండి, అటూ ఇటూ కదలొద్దు. అన్నలు, అక్కలు, తమ్ముళ్లు అందరూ బాగున్నారు కదా? బాగుంటే వినండి. బాగా లేకపోయినా వినండి, ఇది ఆరోగ్యానికి సంబంధించిన విషయమే. మనుషుల ఆరోగ్యం కాదు, టైర్ల ఆరోగ్యం.

మనిషి చక్రాన్ని కనిపెట్టి వేల ఏళ్లయింది. ఆ చక్రం తిరగడానికి పనికొస్తుందో లేదో చెప్పే ఆఫీసును కనిపెట్టడానికి మాత్రం మన కాలం దాకా ఆగాల్సి వచ్చింది. పాతకాలం వాళ్లు ఎవరినీ అడగకుండానే చక్రాలు తిప్పేశారు (అందుకే వాళ్లలో ఒక్కరూ ఇప్పుడు బతికి లేరు). మన అదృష్టం కొద్దీ నంద్యాల ఊరి బయట చక్రయోగ్యతా కేంద్రం అని ఒకటి వెలసింది. "గుండ్రంగా ఉన్నంత మాత్రాన అది చక్రం కాదు" అని దాని గోడ మీద నిలువెత్తు అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ గోడ కొంచెం వంకరగా ఉంటుంది. గోడల యోగ్యత వేరే శాఖ చూసుకుంటుంది.

ఆళ్లగడ్డలో ఖలీల్ అని ఒకాయన ఉన్నాడు. అత్తరు, కళ్లకు పెట్టుకునే సుర్మా, టోపీలు అమ్ముతాడు. కొట్టు లేదు. ఎక్కడ దర్గాలో ఉరుసు జరిగితే అక్కడ దుప్పటి పరుస్తాడు. కాబట్టి ఆయన కొట్టంటే ఆయన బండే. ఆ బండి మామూలు బండి కూడా కాదు, టూరింగ్ బైకు. దేశాలు చుట్టే దొరల కోసం చేసింది. ముందు గాలి అద్దం, వెనక అటొకటి ఇటొకటి బీరువాల్లాంటి పెట్టెలు, మధ్యలో సోఫా లాంటి సీటు. బెంగుళూరులో ఒకాయన పెళ్లి కుదరగానే మామగారి మొదటి షరతు కింద దాన్ని అమ్మేస్తే, చేతులు మారి మారి ఖలీల్ దగ్గరికి వచ్చింది. దొరలు గుడారాలు పెట్టుకునే పెట్టెల్లో ఆయన ఒకవైపు అత్తరు సీసాలు, ఇంకోవైపు టోపీలు పెట్టాడు. సోఫా మీద భార్య గుల్జార్‌బీని కూర్చోబెట్టాడు.

గుల్జార్‌బీ లేనిదే ఆ వ్యాపారం లేదు. ఖలీల్‌కు బేరం రాదు. ఎవరైనా తగ్గించమంటే తగ్గిస్తాడు. వాళ్లు మొహమాటపడి ఊరుకుంటే ఇంకొంచెం తగ్గిస్తాడు. గుల్జార్‌బీ అట్లా కాదు. సీసా మూత తీసి, వచ్చినామె మణికట్టు మీద చుక్క రాసి, "ఇది పూసుకోని పోమ్మా, మీ అత్త కూడా పక్కన కూర్చోమంటాది" అంటే, ఆ అమ్మాయి ఇంకో సీసా అత్తకు కూడా కొనుక్కుని పోయేది.

నల్లమల ఘాట్ దాటి, గిద్దలూరు అవతల ఏటా ఒక పెద్ద ఉరుసు జరుగుతుంది. ఆ ఉరుసులో అమ్మిందే వాళ్లకు ఏడాది తిండి. అది దగ్గర పడుతుండగా రెండు ఉపద్రవాలు కలిసి వచ్చాయి. వెనక టైరు మీది గట్లు, అదే బటన్లు, పూర్తిగా అరిగి, అరచేయంత నున్నగా తయారైంది. బండి వయసు మీరిందనీ, చక్రయోగ్యతా కేంద్రంలో చూపించి ఎఫ్‌సీ, అంటే యోగ్యతా పత్రం, తీసుకోకపోతే పట్టుకెళ్లి షెడ్డులో పెడతామనీ ఫోనుకు మెసేజు వచ్చింది. ఆ సైజు బైకు టైరు మన జిల్లాలో దొరకదు. బెంగుళూరుకు ఆర్డరు పెట్టాడు. 'మీ టైరు దారిలో ఉంది' అని రోజూ కబురు వస్తోంది. టైరు అన్నాక దారిలో ఉండటం దాని ధర్మం కాబట్టి ఖలీల్ తప్పుబట్టలేకపోయాడు.

తనిఖీకి ఇచ్చిన స్లాటు తేదీ మర్నాటికి వచ్చేసింది. బెంగుళూరు టైరు రాలేదు. ఖలీల్ నంద్యాలకు పోయి టైర్ల షాపు సత్యనారాయణ శెట్టి ముందు నిలబడ్డాడు.

"శెట్టి అన్నా, నువ్వే ఏదో ఒకటి సూడాల. రేపు బండి సూపిచ్చాల. ఈ గుండు టైరుతో పోతే ఆడనే పెట్టుకుంటారు."

"ఎఫ్‌సీ టైరు ఏసుకోని పోప్పా. దానికింత ఏడుపా?"

ఈ ఎఫ్‌సీ టైరు గురించి మన వైపు లారీ ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. తెలియనట్టు ఉండేవాళ్ల కోసం చెబుతున్నాను. అది రోడ్డు మీద తిరగడానికి పుట్టిన టైరు కాదు. షాపు వెనక గదిలో గుడ్డ కప్పుకుని ఉంటుంది. ఎవరి బండికి ఎఫ్‌సీ ఉంటే వాళ్లు ఆ పూటకు అద్దెకు తెచ్చుకుని వేసుకుంటారు. కేంద్రం దాకా పోతుంది, పాసవుతుంది, తిరిగి వచ్చి గుడ్డ కప్పుకుంటుంది. బండికి మళ్లీ పాత నున్న టైరు ఎక్కుతుంది. గుడికి తప్ప కట్టని పట్టుచీర లాంటిదన్నమాట. బేతంచెర్ల నాపరాళ్ల లారీలన్నీ ఇట్లాగే ఏటా కొత్త పెళ్లికూతుళ్లలా పోయి వస్తాయి.

"లారీకి ఉండాది, ఆటోకు ఉండాది, ట్రాక్టరుకు ఉండాది, కారుకు ఉండాది" అన్నాడు సత్యనారాయణ. వంగి జానతో రిమ్ము కొలిచి చూశాడు. "నీ బండి ఏ జాతిదప్పా? సైజు సూస్తే కారు రిమ్మే."

"అంటే?"

"అంటే ఏముంది, కారు టైరు ఏస్తా. ఫారిన్లో దొరలంతా ఏసుకోని తిరుగుతాండారంట, ఫోన్లో సూసినా. ఎన్నేండ్లైనా అరగదంట."

"తిరుగుతాది కదన్నా?"

"నేరుగా పోతాది. తిప్పితే తిరుగుతాదో లేదో వాళ్లు సూపియ్యలే. ఒక్క దినానికే కదా! పొద్దున ఏసుకోని పో, పాసు చేయించుకో, మధ్యాన్నానికి తెచ్చియ్. సాయంత్రం ప్యాపిలి టాక్సీ ఒకటి ఉండాది. నాలుగింటిలో ఒకటి తక్కువైతే కారు పాసు కాదు."

కారు టైరు ఆ రిమ్ము మీద కూర్చోనంది. సబ్బు నీళ్లు పూశారు, ఇనప కడ్డీలతో నెట్టారు, గాలి మీద గాలి కొట్టారు. చివరికి తుపాకి పేలినట్టు చప్పుడు చేసి కూర్చుంది. పక్క టీ బంకులో ఇద్దరు గ్లాసులు వదిలేశారు. చూడటానికి బండి మాత్రం చీర కట్టుకుని బూట్లు వేసుకున్నట్టుంది.

కేంద్రంలో తనిఖీ అధికారి పేరు హరీష్. మంచివాడు. అంతకుముందు దాకా కంటితో చూసి, కాలితో తన్ని పాసు చేసేవాడు. ఆ పొద్దునే పైనుంచి చక్రమిత్ర అనే యాప్ దిగింది. ఇకనుంచి ఫోటో కొట్టడమే ఆయన పని, మిగిలింది యాప్ చూసుకుంటుంది. హరీష్ బండి చుట్టూ ప్రదక్షిణం చేసి వెనక చక్రం దగ్గర ఆగిపోయాడు.

"ఏం పెద్దాయనా, ఈ టైరును నేను యాడో సూసినానే."

"టైర్లన్నీ ఒకే మాదిరి ఉంటాయి కద సార్, నల్లగా."

"అది కాదు. మొన్న ఒక తెల్ల కారుకు ఉండె. అంతకుముందు పెండ్లిండ్లకు తిప్పే కారుకు ఉండె. ఇదో, చెంప మీద పుట్టుమచ్చ కూడా ఉండాది."

ఖలీల్ ఆ పుట్టుమచ్చకు అడ్డంగా జరిగి నిలబడ్డాడు.

"భయపడాకులే. నేను గుర్తుపట్టినా లెక్కలేకి రాదు. ఇంగ అంతా యాపే గుర్తుపట్టాల."

యాప్ గుర్తుపట్టింది. 'ఇది కారు టైరు' అంది. కింద రెండు బొత్తాలు ఇచ్చింది. ఒకటి 'ఒప్పుకుంటున్నాను'. రెండోది 'ఒప్పుకోను, కారణాలు ఒక పేజీకి తగ్గకుండా రాస్తాను'. హరీష్ భోజనం వేళ కావడంతో ఒప్పుకున్నాడు. తర్వాత యాప్ బటన్లు చూసింది, అంచులు చూసింది, పుట్టుమచ్చ కూడా చూసింది. 'కారు టైరుగా సంపూర్ణ యోగ్యం' అని పచ్చరంగు చూపించింది. బండి బైకు కదా అనే ప్రశ్న ఆ యాప్‌లో లేదని కాదు. ఉంది. అది ఇంకో అధికారి ఫోనులో వస్తుంది. ఆయన సెలవులో ఉన్నాడు.

ఖలీల్ పత్రాన్ని కళ్లకద్దుకుని, షాపుకు వచ్చి టైరు విప్పమన్నాడు. సత్యనారాయణ కడ్డీ పట్టుకోగానే ఖలీల్ ఫోను మోగింది. 'అభినందనలు! ఈ టైరు నంబరు మీ వాహనంతో ముడిపడింది. అనుమతి లేకుండా వేరుచేయడం నేరం.'

సత్యనారాయణ ఆ మెసేజును కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివాడు.

"నా టైరప్పా అది!"

"నీది కాదని నేనెప్పుడంటి అన్నా?"

"నాలుగు అన్నదమ్ముల్లో ఒకన్ని ఇల్లరికం పంపించినట్టాయె కదప్పా! మిగిలిన మూడు పెట్టుకోని నేనేం చేయాల? ఆటోకు ఏద్దామంటే పట్టవు. ప్యాపిలోడు వచ్చి కూర్చోనుండాడు సూడు."

ప్యాపిలి టాక్సీ డ్రైవరు నిజంగానే కూర్చుని ఉన్నాడు. విషయం విని, మూడు చక్రాల కార్లకు ఏమైనా పథకం ఉందా అని అడిగాడు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు హైవే నేరుగా ఉంటుంది. కారు టైరు ఆనందంగా వచ్చింది. మర్నాడు ఖలీల్ భార్యను ఎక్కించుకుని ఒకసారి ఘాట్ దాకా పోయి చూద్దామని బయల్దేరాడు. మొదటి మలుపులో బైకు వంగాలి కదా, వంగలేదు. బల్లపరుపు టైరు, కారు బుద్ధి. హ్యాండిలు ఎడమకు పోతుంటే వెనక చక్రం తన దారిన తాను నేరుగా పోదామంది. ఖలీల్ బలమంతా పెట్టి గుంజితే, లోయ అంచున రాళ్ల మీదికి పోయి ఆగింది. గుల్జార్‌బీ దిగింది. కింద లోయను చూసింది, టైరును చూసింది, భర్తను చూసింది.

"నాజ్నీన్ అబ్బా, ఇది నీ బండేనా?" అంది, మొగుణ్ని ఎప్పటిలాగే కూతురి పేరుతో పిలుస్తూ.

"బండి నాదే గుల్జార్, టైరు శెట్టిది."

"నీ మాట నేనూ వినను. అట్లని నిన్ను లోయలేకి తీస్కపోతినా ఎప్పుడన్నా?"

"ఒక్క దినానికే అన్న్యాడు..."

"ఈ టైరు ఉండేంత వరకు నేను ఈ సీటు ఎక్కను. ఖుదా మీద ఒట్టు."

ఘాట్ నుంచి కిందికి ఆమె నడిచే వచ్చింది. ఖలీల్ ఆమె పక్కనే, ఆమెకంటే నిదానంగా బండి నడుపుకుంటూ వచ్చాడు.

వారం తిరక్కుండా బెంగుళూరు టైరు వచ్చింది. అందమైన టైరు. గుండ్రటి వీపు, లోతైన బటన్లు. బండి కంపెనీ చెప్పిన సైజు. ఖలీల్ దాన్ని దండలా భుజాన వేసుకుని చక్రయోగ్యతా కేంద్రానికి పోయి, పెద్ద అధికారి మహానందమ్మ ముందు నిలబడ్డాడు.

"మేడమ్, ఇది ఈ బండి అసలు టైరు. కారు టైరు తీసేసి ఇది ఏసుకుంటా."

"అది మార్పు కిందికి వస్తాది. మార్పు చేయకూడదు."

"మార్పు ఎట్లయితాది మేడమ్? బండి పుట్టినప్పుడు ఇదే ఉండె."

"నువ్వు పుట్టినప్పుడు నీకు పండ్లుండెనా?"

"లేవు మేడమ్."

"ఇప్పుడుండాయి కదా. అన్నీ పీకేసి పుట్టినప్పటి మాదిరి చేయమంటే చేస్తామా? రికార్డులో ఇప్పుడు ఏముంటే అదే అసలు."

ఖలీల్ తన పళ్లు ఒకసారి నాలుకతో తడిమి చూసుకున్నాడు (బేరం రానివాళ్లతో ఇదే ఇబ్బంది).

"అయితే నా బండి ఇప్పుడు బైకా, కారా మేడమ్?"

మహానందమ్మ కంప్యూటరులో చూసింది. "ముందర బైకు, వెనక కారు. ముందు కూర్చుండేవాళ్లకు హెల్మెట్, వెనక కూర్చుండేవాళ్లకు సీటు బెల్టు."

"మార్చుకోవాలంటే దారే లేదా?"

"ఎందుకు లేదు? కారు కంపెనీ నుంచి అభ్యంతరం లేదని రాయించుకోని రా."

"ఏ కారు కంపెనీ మేడమ్? నాకు కారు లేదే!"

"అది నువ్వు తేల్చుకోవాల" అని, అతని ముఖం చూసి జాలిపడి గొంతు తగ్గించింది. "సూడప్పా, చెకింగ్‌లో ఆపితే రికార్డు టైరు సూపించాల, అంతే. అది తిరుగుతాండాల్నని యాడా లేదు. నేను చెప్పినానని మాత్రం చెప్పాకు."

ఆ విధంగా ఆళ్లగడ్డ ప్రజలు ఒక దృశ్యం చూశారు. ఖలీల్ బండి వెనక చక్రానికి బెంగుళూరు టైరు తిరుగుతోంది. సోఫా సీటు మీద కారు టైరు నిటారుగా కూర్చుని ఉంది. జారిపోకుండా దానికి అడ్డంగా పట్టీ కట్టి ఉంది (సీటు బెల్టు నిబంధన కూడా దానితో తీరిపోయింది). టైరుకు రెండో మనిషికి ఉన్నంత వెడల్పు. గుల్జార్‌బీకి చోటు లేదు. టైరును ఇంకెక్కడైనా కట్టమంటే, పెట్టెల మీద కడితే మూతలు తెరుచుకోవు, ముందు కడితే దారి కనపడదు.

"నా సవతికి బెల్టు కూడా కట్టినావా" అంది గుల్జార్‌బీ. ఉరుసు నాడు ఆడవాళ్లకు టికెట్ లేని బస్సు ఎక్కడానికి ఆళ్లగడ్డ బస్టాండుకు పోయింది. ఆ బస్సు కోసం జిల్లాలోని ఆడవాళ్లంతా అప్పటికే అక్కడ ఉన్నారు.

ఖలీల్ ముందు చేరుకున్నాడు. దుప్పటి పరిచి, అత్తర్లు పేర్చి, టైరును పక్కన ఆనించాడు. జనం వచ్చారు. తగ్గించమన్నారు. తగ్గించాడు. మల్లె అత్తరు పోయింది, గులాబీ పోయింది, టోపీలు సగం పోయాయి, లాభం మొత్తం పోయింది. అప్పుడు పుల్లయ్య అనే రైతు వచ్చి, సీసాల వైపు చూడకుండా టైరును గిల్లి చూశాడు.

"ఎట్ల ఇస్తావన్నా ఇది?"

"అది అమ్మేది కాదప్పా."

"అమ్మేది కాకపోతే అంగట్లో యాల పెట్టినావు? నా ఎద్దుల బండికి ఒకపక్క టైరు చినిగిపోయి వారమాయె. ఎద్దులు ఒకపక్కకే లాగుతాండాయి. నీ ఇంట్లో ఎద్దులు ఉంటే తెలుస్తాది నీకు."

"అది గవర్నమెంటు లెక్కలో ఉండాదప్పా..."

"గవర్నమెంటు వచ్చి ఎద్దులను తోలుతాదా? కొత్తదాని ధరలో సగానికియ్యి."

ఖలీల్ చాలాసేపు తల అడ్డంగా ఊపాడు. పుల్లయ్య ఎద్దుల గురించి చెప్పుకుంటూ పోయాడు. ఒక ఎద్దు తన చేతిలోనే పెరిగిందన్నాడు. ఖలీల్ తగ్గించాడు.

మధ్యాహ్నం నమాజు వేళకు గుల్జార్‌బీ వచ్చి చేరింది. బస్సులో నిలబడి నిలబడి కాళ్లు వాచాయి. దుప్పటి మీద తగ్గిన సీసాలు చూసి సంతోషించింది. చేతిలోని దుడ్లు చూసి కూలబడింది.

"యా అల్లా! సీసాల ఖరీదు కూడా రాలే. ఏడాది ఏం తినాల మనం?" అని చుట్టూ చూసింది. "అదేదీ? ఆ సవతి యాడికి పాయె?"

"అమ్మేస్తి."

ఆమె ఏడవబోయి ఆగింది. మొగుడి వైపు పెళ్లైన కొత్తలో చూసినట్టు చూసింది. "జనమ మొత్తానికి ఇదొక్క బేరం బాగా చేసినావు" అంది. మిగిలిన అత్తరు, టోపీలు, సుర్మా తన ముందుకు లాక్కుని కూర్చుంది. పొద్దుగూకే లోపల పోయిన దాంట్లో చాలా భాగం రాబట్టింది.

మర్నాడు ఉదయం సోఫా సీటు మీద ఆమె కూర్చుంది. బైకు ఘాట్ ఎక్కింది. ప్రతి మలుపులోనూ అందంగా వంగింది. లోయ అంచున రాళ్లు వచ్చినప్పుడు ఆమె ఖలీల్ భుజం కూడా పట్టుకోలేదు. వచ్చే వారం బనగానపల్లె వైపు ఇంకో ఉరుసు ఉందనీ, ఊదు అత్తరు ఎక్కువ తెద్దామనీ చెబుతూ వచ్చింది.

ఘాట్ దిగాక చక్రయోగ్యతా సంచార దళం చెయ్యి అడ్డం పెట్టింది. దళంలో హరీషే ఉన్నాడు.

"పెద్దాయనా, నీ టైరు మారింది. ఆ పుట్టుమచ్చ టైరు ఏదీ?"

"సార్, ఇది కంపెనీ టైరు సార్. కొత్తది. సూడండి, బటన్లు సూడండి."

"బాగుంది. నాకు తెలుసు. రికార్డు టైరు ఏదీ?"

"ఎద్దుల బండికి పోయింది సార్."

"ఎద్దుల బండికా?" అన్నాడు హరీష్ నిజంగా బాధపడుతూ. "ఎద్దుల బండికి ఎఫ్‌సీ లేదు పెద్దాయనా. ఇంగ అది మాకు ఎప్పటికీ దొరకదు."

ఆయన యాప్ తెరిచి ఫోటో కొట్టాడు. యాప్ ఎర్రరంగు చూపించింది. 'అయోగ్యం. కారు టైరు లోపించింది.'

"సార్, ఇదే మా అంగడి" అంది గుల్జార్‌బీ. "ఇది తీస్కపోతే మేమేం బతకాల? ఆ టైరుతో మేము లోయలో పడబోతిమి. ఇదేమో మమ్మల్ని ఇంటికి తీసుకొస్తాంది. అది పాసు, ఇది ఫెయిలా?"

"నాకు తెలుసమ్మా" అన్నాడు హరీష్. "నాకు తెలిస్తే లెక్కలేకి రాదు."

అదే సమయంలో బేతంచెర్ల నుంచి రాళ్ల లారీ ఒకటి అద్దంలా మెరిసే నున్న టైర్లతో, ఒకవైపు ఒరిగి, వాళ్ల పక్కనుంచి పోయింది. దానికి ఎఫ్‌సీ ఉంది. లారీల భాగం యాప్‌లో ఇంకా సిద్ధం కాలేదు. హరీష్ దానికి దారి ఇస్తూ వెనక్కి జరిగాడు.

బండి ఇప్పుడు నంద్యాల షెడ్డులో ఉంది. పెట్టెలు విప్పుకోవడానికి కూడా వీల్లేదట, అవి వెనక భాగానికి చెందుతాయి కాబట్టి కారు సామాను కింద లెక్క. మిగిలిన అత్తరంతా అందులోనే ఉండిపోయింది. షెడ్డు మాత్రం మంచి వాసన వస్తోందని సిబ్బంది చెబుతున్నారు. బనగానపల్లె ఉరుసు దాటిపోయింది. ఖలీల్, గుల్జార్‌బీ రోజూ ఒక బస్సెక్కి గిద్దలూరు అవతలి పల్లెల్లో తిరుగుతున్నారు. కనపడిన ప్రతి ఎద్దుల బండి దగ్గరా వంగి, టైరు చెంప మీద పుట్టుమచ్చ ఉందా అని చూస్తున్నారు.

అందుకే ఈ ఫోను. ఈ కథను మీ గ్రూపులన్నింటికీ పంపండి. ఎద్దుల బండి ఉన్నవాళ్లకు ముందు పంపండి, పుల్లయ్య దాకా చేరుతుంది. టాక్సీల వాళ్లకు, ఆటోల వాళ్లకు, టైర్ల షాపుల వాళ్లకు పంపండి. నున్న టైర్ల లారీల వాళ్లకు మాత్రం పంపొద్దు. వాళ్లు బండి నడుపుతూ ఉంటారు.